ఇల్లు అంగడి అయినప్పుడు: జార్జియన్ భవనాలపై మీ ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా ఐర్లండ్, ఇంగ్లండ్‌లలో ఉంటున్న పాఠకుల నుంచి వచ్చాయి. ఒకప్పుడు దొరలు కాపురమున్న జార్జియన్ (నలుగురు జార్జ్ రాజుల కాలం నాటి) ఇళ్ల కింది అంతస్తుల్లో ఇప్పుడు అంగళ్లు నడుస్తున్నాయి. కొందరు వాటి చరిత్ర అడిగారు, కొందరు అలాంటి చోటు అద్దెకు తీసుకోబోతూ జాగ్రత్తలు అడిగారు.

ప్రశ్న: డబ్లిన్‌లో సౌత్ విలియం స్ట్రీట్‌లో పవర్స్‌కోర్ట్ టౌన్‌హౌస్ అనే షాపింగ్ సెంటర్ ఉంది. బట్టల కొట్లు, నగల కొట్లు, కాఫీ కొట్లు ఉండే చోట అంత ఘనమైన చెక్క మెట్లు, గోడలకు సున్నపు లతలు ఎందుకున్నాయి? మొదట అదేమిటి? – విద్యార్థిని, డబ్లిన్

మొదట అది ఒక ప్రభువుగారి పట్నం ఇల్లు. మూడవ వైకౌంట్ పవర్స్‌కోర్ట్ రిచర్డ్ వింగ్‌ఫీల్డ్ కోసం 1771–1774 మధ్య కట్టారు. ఆయన ఎస్టేటు విక్లో జిల్లాలో ఉండేది. అప్పట్లో ఐర్లండ్‌కు సొంత పార్లమెంటు ఉండేది, అది డబ్లిన్‌లోనే కూర్చునేది. సమావేశాల కాలంలో ప్రభువులందరూ పట్నంలో దిగేవారు. విందు ఇవ్వాలన్నా, పదిమందిని తనవైపు తిప్పుకోవాలన్నా ఊళ్లో ఒక ఇల్లు కావాల్సిందే. నమూనా వేసింది రాబర్ట్ మాక్. ముఖభాగానికి వాడిన గ్రానైటు వింగ్‌ఫీల్డ్ ఎస్టేటు నుంచే వచ్చింది.

మీరు చూసిన సున్నపు పనిలో రెండు చేతులున్నాయి. ఈసారి వెళ్లినప్పుడు రెండిటినీ పోల్చి చూడండి. మెట్లున్న హాలులో జేమ్స్ మెకల్లా పనిలో లతలు గోడ మీంచి బయటికి ఉబికి, ఒకదానిమీదొకటి అల్లుకుంటూ పోతాయి. అది రొకోకో పద్ధతి. పై గదుల్లో మైకేల్ స్టేపుల్టన్ పని దీనికి భిన్నం. వృత్తాలు, విసనకర్రలు, సన్నని దండలు కొలిచి గీసినట్టు పల్చగా ఉంటాయి. రోమన్ నమూనాలను చూసి పుట్టిన కొత్త పోకడ అది. ఒకే ఇంట్లో మెట్ల దగ్గర పాత రుచి, పై గదుల్లో కొత్త రుచి కనిపిస్తాయి. డబ్లిన్‌లో అభిరుచి మారిన ఆ కొద్ది ఏళ్లు ఈ ఇంటి గోడల మీద కనబడతాయి. మా దృష్టిలో ఈ భవనం అసలు విలువ అదే.

ఇంటికి గడ్డుకాలం రాజకీయాల వల్లే వచ్చింది. 1801 జనవరి 1 నుంచి ఐర్లండ్ పార్లమెంటు రద్దై లండన్‌లో కలిసిపోయింది. పార్లమెంటు లేని ఊళ్లో ప్రభువులకు ఇల్లెందుకు? 1807లో దీన్ని ప్రభుత్వం కొని పత్రాల మీద వేసే స్టాంపు సుంకం కార్యాలయం పెట్టింది. వెనక ముంగిలి చుట్టూ ఇటుక భవనాలు కట్టించింది. ఆ పని ఫ్రాన్సిస్ జాన్‌స్టన్‌ది, డబ్లిన్ జనరల్ పోస్టాఫీసు నమూనా వేసినదీ ఆయనే. 1830ల్లో ఫెరియర్ పొలాక్ అనే టోకు బట్టల వర్తకుల చేతికి వచ్చి, వందేళ్లకు పైగా వాళ్ల గోదాముగా, కొట్టుగా ఉంది. 1981లో ముంగిలికి గాజుకప్పు వేసి షాపింగ్ సెంటర్‌గా తెరిచారు.

ఈ మార్పులో ఒక మంచి ఎంపిక ఉంది. కొత్త అంతస్తులు, జనం రద్దీ, హోటళ్ల బరువు ఎక్కువగా ముంగిలికి, దాని చుట్టూ ఉన్న సాదా ఇటుక భాగాలకు వెళ్లాయి. ప్రభువుగారి గదులను అడ్డంగా కోయలేదు, ఉన్నవి ఉన్నట్టుగానే కొట్లయ్యాయి. ఇల్లు అంగడిగా మారిన చోట ముందుగా చూడాల్సింది ఇదే, కొత్త బరువు ఎక్కడ దించారన్నది.

ప్రశ్న: కింద అంతా గాజు షాపుముందు (కొట్టు ముఖభాగం) ఉంటే అది జార్జియన్ ఇల్లని ఎలా గుర్తుపట్టాలి? – బ్రిస్టల్

తలెత్తి పైకి చూడండి. మార్చేసింది సాధారణంగా కింది అంతస్తునే. జార్జియన్ కాలం 1714 నుంచి 1830 వరకు, నలుగురు జార్జ్ రాజుల కాలం. 1837 దాకా లెక్కేసేవారూ ఉన్నారు. మొదటి అంతస్తు కిటికీలు అన్నిటికన్నా పొడవుగా ఉంటాయి, అతిథుల గదులు అక్కడ ఉండేవి. పైకి పోయేకొద్దీ కిటికీలు పొట్టివవుతాయి. కప్పు కనబడకుండా పిట్టగోడ అడ్డుగా ఉంటుంది. లండన్‌లో దీనికి చట్టమే కారణం. 1666 అగ్నిప్రమాదం తర్వాత నిప్పు పాకకుండా జాగ్రత్తలు మొదలయ్యాయి. 1707 చట్టం చెక్క చూరు అలంకారాన్ని నిషేధించింది. 1709 చట్టం కిటికీ చట్రాన్ని గోడ ముఖం నుంచి 4 అంగుళాలు లోపలికి పెట్టమంది. 1774 చట్టం చట్రంలోని బరువుల పెట్టెను (పైకి కిందికి జరిగే కిటికీని నిలిపే బరువులు ఉండేది) ఇటుక వెనక దాచమంది. కాబట్టి లండన్‌లో చట్రం గోడతో సమంగా ఉంటే ఆ ఇల్లు 1709కి ముందుది కావచ్చు. బయటికి చెక్క దాదాపు కనిపించకపోతే 1774 తర్వాతిది అనుకోవచ్చు. లండన్ బయట ఈ పద్ధతులు ఆలస్యంగా చేరాయి, అక్కడ ఈ లెక్క ఒక్కదాన్నే నమ్మకండి.

వంపు తిరిగి వీధిలోకి ఉబికిన షాపు కిటికీకీ 1774 చట్టంలో కొలత ఉంది. వీధి 30 అడుగులు, ఆపైన వెడల్పుంటే కిటికీ 10 అంగుళాలు మాత్రమే బయటికి రావచ్చు, అంతకన్నా ఇరుకు వీధిలో 5 అంగుళాలు. ఆ కిటికీల్లో చిన్నచిన్న గాజు పలకలకు బదులు ఒకే పెద్ద పలక ఉంటే అది తర్వాత మార్చినది. గాజు మీద పన్ను 1845లో ఎత్తేశాకే పెద్ద పలకలు మామూలు వర్తకుల అందుబాటులోకి వచ్చాయి.

ప్రశ్న: బాత్‌లో జార్జియన్ ఇంటి మొదటి అంతస్తు అద్దెకు తీసుకుని చీరల కొట్టు పెడదామని మా ఆలోచన. కింద ఇప్పటికే వేరే కొట్టుంది. ఏమేం చూసుకోవాలి? – భార్యాభర్తలు, బాత్

ముందు బరువు లెక్క చూసుకోండి. ఆ నేల చెక్క పట్టెల మీద నిలిచింది. ఇళ్ల నేలకు ఇప్పటి ఇంజనీరింగ్ లెక్కలో చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల భారం తీసుకుంటారు. కొట్లకు 4 కిలోన్యూటన్లు, అంటే సుమారు 400 కిలోలు. ఇంటిని కొట్టు చేస్తే నేల మీద రెండున్నర రెట్లకు పైగా భారం వేసినట్టు. చీరలు తేలికే కదా అనుకోకండి. చదరపు మీటరు చోటులో ఆరు అరల రాక్ పెట్టి, అరకు 60 చీరలు సర్ది, చీర సగటున అరకిలో అనుకున్నా 180 కిలోలు. రాక్ బరువు, ఎదురుగా నిలబడ్డ పెళ్లివారి బరువు దీనికి అదనం.

అందువల్ల సంతకం పెట్టకముందే స్ట్రక్చరల్ ఇంజనీరు చేత పట్టెల కొలతలు తీయించండి. పట్టె లోతు, మందం, రెండు పట్టెల మధ్య దూరం, ఏ గోడ నుంచి ఏ గోడకు పరిచారో తెలియాలి. ఒకటి రెండు నేల పలకలు జాగ్రత్తగా పైకి లేపి చూస్తే చాలు. గోడలో దూరిన పట్టె కొనలు తప్పక చూడమనండి. చెమ్మ పట్టి మెత్తబడేది అక్కడే. చెక్కలో తేమ 20 శాతం దాటితే కుళ్లు మొదలయ్యే ప్రమాదముంది. పట్టె మధ్యలో ఎంత బాగున్నా కొన కుళ్లితే లాభం లేదు.

రాక్‌లను గోడల వెంబడే ఉంచండి, గది నడిమధ్య వద్దు. పట్టెల కొనలు దిగిన గోడ పక్కన పెడితే ఒక్క రాక్ బరువు ఎన్నో పట్టెలు పంచుకుంటాయి. పట్టెకు సమాంతరంగా ఉన్న గోడ పక్కన పెడితే ఒకటి రెండు పట్టెలే మొత్తం మోయాలి. కింది కొట్టు పైకప్పు బద్దల మీద పూసిన పాత సున్నపు గార అయితే ఇంకా జాగ్రత్త. నేల పొడవులో 360వ వంతు వంగితే గార చిట్లుతుందని ఒక లెక్క. 5 మీటర్ల పట్టెకు అది 14 మిల్లీమీటర్లు. మీ నేల వంగిందని మీకు తెలిసేలోపే కింది వాళ్ల కప్పు రాలుతుంది.

తర్వాత అనుమతి. లిస్టెడ్ భవనమైతే, అంటే చారిత్రక విలువ ఉందని రక్షణ జాబితాలో చేర్చినదైతే, లోపలి గోడలు, తలుపులు, మెట్లు, పొయ్యిగూళ్లు కూడా రక్షణలో ఉన్నట్టే, బయటి ముఖం ఒక్కటే అనుకోవద్దు. ఇంగ్లండ్‌లో 2020 నుంచి ఆఫీసు, కొట్టు, కూర్చుని తినే హోటలు ఒకే తరగతిలోకి వచ్చాయి. కాబట్టి ఆఫీసును కొట్టు చేయడానికి ప్లానింగ్ అనుమతి అక్కర్లేకపోవచ్చు. కానీ లిస్టెడ్ భవనం రూపం మారే పనికి లిస్టెడ్ బిల్డింగ్ కాన్సెంట్ వేరుగా కావాలి. దానికి రుసుము లేదు, అనుమతి లేకుండా పని చేయడం మాత్రం నేరం. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇదివరకటి యజమాని అనుమతి లేకుండా చేసిన పనిని సరిచేయమనే నోటీసు ఇప్పటి యజమానికి రావచ్చు. లీజు తీసుకునేవారు పాత అనుమతుల కాగితాలు అడిగి చూసుకోవాలి, ప్లానులో లేని గోడ కనబడినా, ఉన్న గోడ లేకపోయినా లాయరుకు చెప్పాలి. ఐర్లండ్ పాఠకులకు: అక్కడ ఇలాంటివాటిని ప్రొటెక్టెడ్ స్ట్రక్చర్ అంటారు. ఏ పనికి అనుమతి అక్కర్లేదో రాసివ్వమని స్థానిక సంస్థను అడగవచ్చు.

ప్రశ్న: మా కొట్టు పైన ఇటుక గోడలో బీట పడింది. షాపు కిటికీ మూల నుంచి పై కిటికీ దాకా ఏటవాలుగా పోతోంది. సిమెంటు పూసి రంగు వేశాం, మళ్లీ వచ్చింది. – లండన్

సిమెంటుతో మూసినా బీటకు కారణం పోలేదు, అందుకే మళ్లీ వచ్చింది. షాపుముందు పెట్టడానికి కింది అంతస్తు ముందు గోడను తీసేసి, పై అంతస్తుల బరువు మోయడానికి అడ్డంగా పెద్ద దూలం పెట్టారు. బ్రెస్‌సమ్మర్ అంటారు. పాత వాటిలో అది చెక్క, తర్వాతి వాటిలో పోత ఇనుమో ఉక్కో. రెండు కొనలూ పక్కగోడల్లో దిగి ఉంటాయి. షాపు పేరు రాసే పలక సరిగ్గా ఆ దూలం ముందే ఉంటుంది. పలక పైన సీసపు రేకు చిరిగిపోతే వాననీళ్లు పలక వెనక జారి దూలం మీద పడతాయి. గాలి తగలని చోటు కావడంతో కొన కుళ్లి కిందికి దిగుతుంది. పైనున్న ఇటుకలు దానితోపాటు దిగి ఏటవాలుగా బీట పడుతుంది.

బీట వెడల్పు కొలవండి. 1 మిల్లీమీటరు లోపు ఉంటే పూతతో పోయే సంగతి. 5 మిల్లీమీటర్లు దాటితే తేలిగ్గా తీసుకోకూడదు. బీటకు రెండువైపులా చిన్న స్క్రూలు బిగించి వాటి మధ్య దూరాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో నెలకోసారి కొలిచి తేదీతో రాసిపెట్టండి. వేసవికీ చలికాలానికీ కొంచెం అటూఇటూ అవడం మామూలే, ఒకే దిశలో పెరుగుతూ పోతే దూలం కదులుతోందన్నమాట. ఇంజనీరు వచ్చాక పేరు పలకలో ఒక భాగం విప్పించి దూలం కొనను పొడిచి చూడమనండి. కొన మాత్రమే కుళ్లితే మొత్తం దూలం మార్చాల్సిన పని లేదు. పై గోడకు ఆధారంగా అడ్డ దూలాలు, జాకీ స్తంభాలు పెట్టి, కుళ్లిన భాగం కోసి, గట్టి చెక్కో ఉక్కు పలకో అతికిస్తారు.

లోపల కూడా ఒక చూపు చూడండి. ముందు గదికీ వెనక గదికీ మధ్య గోడను ఎప్పుడో పడగొట్టి కొట్టును ఒకే హాలు చేశారా? తడితే డొల్లగా మోగుతుంది కాబట్టి అది ఉత్త అడ్డుగోడ అనుకుని పడగొడతారు. జార్జియన్ ఇళ్లలో చెక్క చట్రంతో చేసిన ఆ అడ్డుగోడే చాలాచోట్ల పై అంతస్తుల పట్టెలను మోస్తుంది. దాన్ని తీస్తే రెండో అంతస్తు తలుపులు ముందు బిగుసుకుంటాయి, తర్వాత నేల మధ్యకు గుంటలా వంగుతుంది. మూడో అంతస్తులో నేల వాలు, తలుపుల పైన ఒకవైపు సన్నగా, మరోవైపు వెడల్పుగా ఖాళీ కనబడితే కింద ఏం తీసేశారో ఆరా తీయండి.

ఇక ఆ సిమెంటును తొలగించి సున్నంతో సందులు నింపాలి. పాత ఇటుక మెత్తన, సిమెంటు గట్టిది. చెమ్మ సందుల్లోంచి బయటికి పోలేక ఇటుకలోంచి పోతుంది, గడ్డ కట్టే చలికి ఇటుక ముఖం పెచ్చులుగా ఊడుతుంది. ఒక పాలు సున్నం ముద్దకు మూడు పాళ్లు గరుకు ఇసుక సరిపోతుంది. సందు వెడల్పుకు రెట్టింపు లోతు వరకు చేతి ఉలితో తీయాలి. తిరిగే బ్లేడు మిషన్ పెడితే సన్నని సందుల అంచులు తెగిపోతాయి, ఆ నష్టం మళ్లీ పూడ్చలేం. గోడ తడిపి నింపి, గోనెపట్టా కప్పి మెల్లగా ఆరనివ్వాలి. 5 డిగ్రీల కన్నా చలి ఉంటే ఆ రోజు పని ఆపేయమనండి.

ప్రశ్న: పై అంతస్తులో ఇటుకతో మూసేసిన కిటికీలు కిటికీ పన్ను తప్పించుకోవడానికేనా? – లండన్

అన్నీ కావు. ఇంగ్లండ్‌లో కిటికీల సంఖ్యను బట్టి వేసే కిటికీ పన్ను 1696 నుంచి 1851 దాకా ఉంది, దాని కోసం మూసినవీ ఉన్నాయి. కానీ చాలావాటిని మొదటి నుంచే కిటికీ ఆకారంలో గూడుగా కట్టారు. లోపల పొగగొట్టమో అడ్డుగోడో ఉండి కిటికీకి వీలుకాని చోట, బయట వరస తప్పకూడదని అలా చేశారు. గూడులోని ఇటుకలు పక్క ఇటుకలతో అల్లుకుని ఒకే రంగులో ఉంటే కట్టినప్పటివే. పక్కల నిలువుగా చీలినట్టు గీత ఉండి ఇటుక రంగు మారితే తర్వాత మూసినవి.

ప్రశ్న: పైకి కిందికి జరిగే కిటికీ పైకెత్తితే నిలవడం లేదు, ధబ్బున పడుతోంది. మార్చేయమంటున్నారు. – డబ్లిన్

మార్చకండి. తాడు తెగింది, అంతే. ఆ చెక్క ఇప్పుడు దొరికేవాటికన్నా మేలైనది. లోపలి వైపు చుట్టూ ఉన్న సన్నని బద్దను పల్చని ఉలితో మెల్లగా పీకి, కింది తలుపును గదిలోకి తీయాలి. రెండు తలుపుల మధ్యనున్న బద్ద తీస్తే పై తలుపు వస్తుంది. చట్రం పక్కచెక్కలో కింది భాగాన చిన్న మూత ఉంటుంది, దాని వెనకే బరువులు. తలుపును గాజుతో సహా తూచండి. పై తలుపుకు రెండు బరువులూ కలిపి తలుపు కన్నా కాస్త ఎక్కువ ఉండాలి, అప్పుడు అది పైనే నిలుస్తుంది. కింది తలుపుకు కాస్త తక్కువ ఉండాలి, అప్పుడు బాగా మూసుకుంటుంది. మైనం పట్టించిన నూలు తాడు వేసి, కప్పీకి మాత్రం రంగు తగలనివ్వకండి.

డబుల్ గ్లాస్ వేయిస్తే తలుపు బరువెక్కి పాత ఇనుప బరువులు చాలవు, అదే పెట్టెలో పట్టేందుకు సీసపువి కావాలి. మరో గుర్తు: జార్జియన్ తలుపులకు మూలల్లో కిందికి వేలాడే చెక్క కొమ్ములుండవు. కొమ్ములుంటే ఆ తలుపు విక్టోరియన్ కాలంలో మార్చినది.

ప్రశ్న: ఈ అంగళ్లతో మన తెలుగునేలకు ఏమైనా సంబంధం ఉందా? – మచిలీపట్నం

మీ ఊరితోనే ఉంది. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో కొఠీ పెట్టింది. చిరివేరు ఎరుపు, నీలి మందుతో అద్దిన కోరమాండల్ తీరపు కలంకారీ బట్టలకు ఇంగ్లండ్‌లో ఎంత గిరాకీ వచ్చిందంటే, అక్కడి నేతవారు భయపడ్డారు. 1719లో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేతగాళ్లు వీధుల్లో అద్దకం బట్ట కట్టిన ఆడవాళ్ల మీద పడి బట్టలు చింపారు. 1721లో అద్దిన నూలుబట్టలు కట్టుకోవడాన్నే నిషేధించారు. 1774లో బ్రిటన్‌లో నేసిన నూలుబట్టకు మళ్లీ అనుమతి దొరికింది. నటుడు డేవిడ్ గారిక్ దంపతుల పడకకు వచ్చిన కోరమాండల్ తెరలను కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు. అవి ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆ నిషేధకాలంలో పట్టు వర్తకం ఎంత కళకళలాడిందో చూడాలంటే స్పిటల్‌ఫీల్డ్స్‌లో 56, ఆర్టిలరీ లేన్‌కు వెళ్లండి. ఫ్రాన్స్ నుంచి వలస వచ్చిన కుటుంబాల పట్టు వర్తకుల కోసం 1750ల్లో పాత ఇంటికి పెట్టిన షాపుముందు ఇంకా నిలిచి ఉంది. లండన్‌లో మిగిలిన జార్జియన్ షాపుముందుల్లో అంత అందమైనది మరొకటి లేదనే మా అభిప్రాయం.

ప్రశ్న: పాత ఇటుక ముఖానికి మా కొట్టు బోర్డు ఎలా బిగించాలి? – బాత్

ఉన్న పేరు పలక మీదనే రాయించండి, గోడకు కొత్త బోర్డు వద్దు. వేలాడే బోర్డు తప్పనిసరైతే మేకు ఇటుకలోకి కాకుండా సందులోని సున్నంలోకి దిగాలి, రేపు తీసేసినా ఆ రంధ్రాన్ని సున్నంతో పూడ్చేయొచ్చు. బాత్‌లో గోడ ఇటుక కాకుండా మెత్తని బాత్ రాయి కావచ్చు, అక్కడా సందుల్లోనే బిగించాలి. స్క్రూలు, కొక్కేలు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి. మామూలు ఇనుము తుప్పు పట్టి ఉబ్బి రాతి అంచు పగలగొడుతుంది.